ఓనరే సీటు దిగాడు, మనవాళ్లు ఎప్పుడు దిగుతారు?

 

పొడుగు పోస్టు ఇది, ముందే చెబుతున్నా. టైం లేనివాళ్లు రాత్రి షిఫ్ట్‌లో చదువుకోండి. సగం చదివి కింద దండం బొమ్మ పెట్టి పోయేవాళ్లకు నా తరఫున కూడా ఒక దండం.

మన గ్రూపులో పది రోజులుగా అజిత్ వీడియో తిరుగుతోంది. దుబాయ్‌లో రేసు అయిపోయాక జెండా పట్టుకుని ఎగిరే వీడియో. "సికింద్రాబాద్‌లో పుట్టినోడు, మనోడే" అని ఒకరు పెట్టారు. నిజమే, 1971 మే 1న సికింద్రాబాద్‌లోనే పుట్టాడు. "ప్రేమ పుస్తకం చేసినోడు గాయనే కదా" అని ఇంకొకరు. అదీ నిజమే. ఇంతవరకు నాకు ఏ పేచీ లేదు. పేచీ ఎక్కడ వచ్చిందంటే, మన పెద్దాయన ఒకరు అదే వీడియో కింద రాశారు: "జట్టు అంటే ఇట్ల ఉండాలె. మన సమాజం గూడ ఇట్లనే ముందుకు పోవాలె." డెబ్బై మంది లైకులు కొట్టారు. ఆ రాసినాయన మన సంఘంలో ఒకే కుర్చీలో 19 ఏళ్లుగా కూర్చుని ఉన్నారు. లైకు కొట్టిన డెబ్బై మందిలో నేనూ ఉన్నా. కొట్టాక సిగ్గేసి ఇది రాస్తున్నా.

ఆ వీడియో వెనక ఏం జరిగిందో తెలిస్తే ఆ మాట రాసేవారు కాదు. ఎగిరింది చూశారు కానీ, దానికి ముందు ఆయన దేని మీంచి దిగాడో చూడలేదు.

ముందు ఆ ఆట సంగతి. మన పిల్లలకు ఫార్ములా వన్ తెలుసు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ చుట్టూ ఫార్ములా ఈ జరిగితే ఇక్కడి నుంచి బండ్లు కట్టుకుని పోయి చూసొచ్చినవాళ్లు మన గల్లీలోనే ఉన్నారు. అది ఒక్క సీటు కారు, ఒక్క డ్రైవరు, ముప్పావు గంటలో ఖతం. స్పోర్ట్స్ కార్ రేసు అలా కాదు. ఒకే కారును ముగ్గురో నలుగురో వంతులవారీగా నడపాలి. 6 గంటలు, 12 గంటలు, 24 గంటలు. పగలు, రాత్రి, ఎండ, వాన. కారు మాత్రం అదే. ఒకడు దిగుతాడు, ఇంకొకడు ఎక్కుతాడు. దిగినవాడు పక్కకు పోయి నీళ్లు తాగడు. వంగి, ఎక్కినవాడి బెల్టులు తనే బిగిస్తాడు. అప్పటికి వాడి చెమట కూడా ఆరదు. ఆ దృశ్యం నేను కార్ఖానాలో ఫోన్‌లో చూసి, పక్కనున్న జాబర్ మామకు చూపించా. "గిది మన షిఫ్ట్ మారుడే కదరా" అన్నాడు ఆయన.

అవును, అదే. మన దగ్గర పగటివాడు పోయి రాత్రివాడు వచ్చేటప్పుడు మగ్గం ఆగదు. పగటివాడు అరుస్తూనే చెబుతాడు: ఎడమ అంచు పోగు తెగుతోంది, రెండో మగ్గం బీము అయిపోవస్తోంది, మూడో దాని చప్పుడు తేడాగా ఉంది, జాబర్‌ను పిలు. రాత్రివాడు రెండు నిమిషాలు పక్కన నిలబడి చూసి చెయ్యి వేస్తాడు. చద్దరు మీద ఏ గజం ఎవరు నేశారో కొన్నవాళ్లకు తెలియదు. భవాని పేట్‌లో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇదంతా తెలిసిన మనమే, సంఘం ఆఫీసు మెట్లెక్కగానే ఎలా మరిచిపోతామో నాకు అర్థం కాదు.

ఇప్పుడు దుబాయ్. 2025 జనవరి, 24 గంటల రేసు. జట్టు పేరే అజిత్ కుమార్ రేసింగ్. కారు పోర్షే 911 జీటీ3 కప్, నంబరు 901. సాంకేతికంగా చూసుకునేవాళ్లు బాస్ కూటెన్ రేసింగ్ అనే అనుభవం ఉన్న జట్టు. అజిత్‌తో పాటు మాత్యూ డెట్రీ, ఫాబియన్ డఫియో, కామెరాన్ మెక్‌లియోడ్ డ్రైవర్లు. రేసుకు నాలుగు రోజుల ముందు ప్రాక్టీసులో అజిత్ నడుపుతున్న కారు గోడకు కొట్టుకుని గింగిరాలు తిరిగింది. ఆ వీడియో కూడా మీరంతా చూసే ఉంటారు. దేవుడి దయ, దెబ్బల్లేకుండా బయటపడ్డాడు. ఆ తర్వాత ఆయన ఏం చేశాడు? తన పేరున్న కారులో తన సీటు తానే వదులుకున్నాడు. జట్టు వాళ్లు చెప్పిన కారణం సాదా: ఆయన క్షేమం, జట్టు గెలుపు. 901ని మిగిలిన ముగ్గురు నడిపారు. 992 క్లాసులో మూడో స్థానం వచ్చింది. ఆయన ఇంటికి పోయి అలిగి పడుకోలేదు. రాజూన్ అనే ఇంకో జట్టు కారులో, పోర్షే కేమన్ జీటీ4లో, అంతకంటే చిన్న క్లాసులో కూర్చుని నడిపాడు. తన కారు మూడో స్థానంలో వచ్చినప్పుడు జెండా పట్టుకుని ఎగిరింది, తాను నడపని కారు కోసం.

కాకా, మీరు లైకు కొట్టమన్న జట్టు అది. పేరు ఆయనది, జట్టు ఆయనది, గుంపంతా వచ్చింది ఆయన కోసం. అయినా దిగాడు. మన సంఘం ఎవరి పేరు మీదా లేదు. మార్కండేయుడి పేరు మీద, మన తాతలు ఒక్కొక్క రూపాయి వర్గణి వేసి కట్టిన గోడల మీద ఉంది. అయినా ఎవరూ దిగరు.

"మేం దిగితే నడిపేది ఎవరు?" ప్రతి జనరల్ బాడీలో వచ్చే మాట ఇదే. ఈ మాటకు జవాబుగా ఇద్దరి కథలు చెబుతా.

ఒకటి 1952 నాటిది. ఫ్రాన్స్‌లో లె మాన్స్ అని ఊరు. 1923 నుంచి అక్కడ 24 గంటల రేసు నడుస్తోంది. స్పోర్ట్స్ కార్లకు అది కాశీ అనుకోండి. ఆ ఏడాది పియెర్ లెవె అనే ఫ్రెంచి ఆయన టాల్బో కారుతో దిగాడు. పక్కన రెండో డ్రైవరు ఉన్నాడు, పేరు రెనే మర్షాన్. హెల్మెట్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. లెవె ప్రతిసారీ కారు ఆపుతాడు, పెట్రోలు పోయించుకుంటాడు, నేను దిగను అంటాడు, పోతాడు. సాయంత్రం నుంచి రాత్రంతా, మళ్లీ తెల్లారి మధ్యాహ్నం దాకా ఒక్కడే. మెర్సిడెస్ వాళ్లంతటి వాళ్లను నాలుగు ల్యాపులు వెనక్కి నెట్టాడు. గొప్ప డ్రైవరు, అందులో అనుమానం లేదు. ఇంకా గంట పైచిలుకు ఉందనగా ఇంజన్ పగిలింది. అలసిన చెయ్యి గేరు తప్పుగా వేసిందని కొందరంటారు, ఇంజన్ లోపల ముందే జబ్బు ఉందని కొందరంటారు. ఏదైతేనేం, కారు రోడ్డు పక్కన ఆగిపోయింది. మెర్సిడెస్ మొదటి రెండు స్థానాలు పట్టుకుపోయింది. మర్షాన్ హెల్మెట్ చేతిలోనే ఉండిపోయింది.

నాకు లెవె మీద కోపం లేదు. నా బాధ మర్షాన్ గురించి. రాత్రంతా పిట్ గోడ దగ్గర నిలబడ్డ ఆ మనిషి మన సంఘంలో ఎంతమందో! ఎమ్.కామ్ చదివిన పిల్లలు, బ్యాంకులో పనిచేసేవాళ్లు, కంప్యూటర్ మీద లెక్కలు రాయగలవాళ్లు. రథోత్సవం రోజు వాళ్లకు మనం ఇచ్చే పని ఏమిటి? మంచినీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడటం, వాలంటీర్ బ్యాడ్జీ పెట్టుకుని తాడు పట్టుకోవడం. మూడేళ్లు అలా నిలబడి నాలుగో ఏడు పుణె పోతారు. అప్పుడు మనమే అంటాం, "ఇప్పటి పోరగాండ్లకు సమాజం అంటే పట్టదు" అని.

(1950లో ఎడ్డీ హాల్ అనే ఆయన బెంట్లీ కారు 24 గంటలూ ఒక్కడే నడిపి పూర్తి చేశాడు కదా అని ఎవరైనా గూగుల్ చేసి తెస్తారు. చేశాడు. ఎనిమిదో స్థానం వచ్చింది.)

ఇప్పుడు లె మాన్స్‌లో రూలు ఉంది. ఎంత గొప్పవాడైనా సరే, ఏ 6 గంటల్లోనూ 4 గంటలకు మించి నడపకూడదు. మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. "నాకు ఓపిక ఉంది, నన్నే నడపనివ్వండి" అంటే ఊరుకోరు, శిక్ష వేస్తారు. అది ఆ డ్రైవరును అవమానించడం అని అక్కడ ఎవరూ అనుకోరు. మన దగ్గర పదవికి గడువు అన్న మాట ఎత్తితే చాలు, "నా మీద నమ్మకం లేదా?" అని కళ్లలో నీళ్లు పెట్టుకుంటారు.

రెండో కథ మన దేశం మనిషిది. కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్. 2009లో కోలెస్ అనే జట్టు ఆడి ఆర్10 కారుతో లె మాన్స్ పోయాడు. రేసు మొదలు కావడానికి కొద్ది గంటల ముందు పిట్ గోడ మీంచి దిగుతూ పడి భుజం తప్పింది. నడపలేడు. జట్టు ఏం చేసింది? మిగిలిన ఇద్దరు, ఆంద్రే లాటరర్, చార్ల్స్ జ్వాల్స్‌మన్, ముగ్గురు పంచుకోవాల్సిన 24 గంటలను ఇద్దరే పంచుకుని కారును ఏడో స్థానంలో చేర్చారు. ఎందుకు చేయగలిగారంటే ఆ ఇద్దరికీ ఆ కారు తెలుసు. సీటు, గేర్లు, బ్రేకులు, రాత్రి ఏ మలుపు ఎలా కనిపిస్తుందో, అన్నీ తెలుసు. తాళం చెవి ఒక్కరి మొలతాడుకే కట్టిలేదు.

ఇప్పుడు మన భుజం తప్పిన రోజు గురించి మాట్లాడుకుందాం. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

పోయిన ఏడాది కాలేజీ అడ్మిషన్ల సమయంలో కార్యదర్శి గారికి గుండె నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరారు. దేవుడి దయవల్ల బాగయ్యారు, నిండు నూరేళ్లు ఉండాలి. కానీ ఆ నెలన్నర ఏం జరిగింది? చెక్కు బుక్కు అల్మారీలో. అల్మారీ తాళం ఆయన ఇంట్లో. తాళం తెచ్చాం, తెరిచాం. చెక్కు మీద ఆయన సంతకం లేకుండా బ్యాంకు ఒక్క రూపాయి ఇవ్వదు. రెండో సంతకం మాత్రమే ఉన్నవారు "నేనొక్కడినే ఏం చేయాలి" అన్నారు. సంఘం విద్యార్థి వేతనం మంజూరైన పిల్లలు పదకొండు మంది. అందులో ఒక పిల్ల సంగతి నాకు తెలుసు. తండ్రి టవల్ కార్ఖానాలో రాత్రి షిఫ్ట్, తల్లి బీడీలు చుడుతుంది. ఫీజు కట్టే ఆఖరి రోజు పొద్దున ఆ తల్లి సంఘం మెట్ల మీద వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. లేచి పోయి పుస్తెల గుండ్లు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. మన చెక్కు ఆమెకు 43 రోజుల తర్వాత అందింది. వడ్డీ ఎవరు కట్టారని మీటింగులో ఎవరూ అడగలేదు. మినిట్స్ బుక్కులో రాసింది ఇది: "విద్యార్థి వేతనాలు సకాలంలో పంపిణీ చేయబడినవి."

ఆ వాక్యం రాసింది నేనే. పదకొండేళ్లుగా సహ కార్యదర్శిని నేను. చెప్పింది రాశా.

కాబట్టి ఈ పోస్టు పెద్దల మీద రాళ్లు వేయడానికి రాసింది కాదు. ఆ పెద్దలు లేకపోతే ఈ గోడలు లేవు. సైకిల్ మీద తిరిగి వర్గణి పోగుచేసిన రోజులు మా బాపు చెబితే విన్నా. ఒక్క పైసా తిన్నారని నేను అనను, అన్నవాడితో నేనే కొట్లాడతా. కానీ నిజాయితీ వేరు, సీటు పట్టుకుని ఉండటం వేరు. లెవె కూడా దొంగ కాదు.

ఇక రెండు మాటలకు జవాబు చెప్పాలి. మొదటిది, "కార్ల రేసు ధనవంతుల ఆట, మగ్గం మనుషులకు దాంతో ఏం పని?" ధనవంతుల ఆటే, కాదనను. కానీ మన దేశంలో ఆ ఆటకు బట్టల మిల్లుతో బంధుత్వం ఉంది. కోయంబత్తూరు మిల్లుల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్, మారుతి ఇంజన్ పెట్టి చవకలో ఫార్ములా మారుతి కార్లు తయారుచేయించి కుర్రాళ్ల చేతికి ఇచ్చాడు. అజిత్ కూడా అవి నడిపినవాడే. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాడు. అక్కడి రేస్ ట్రాక్‌కు ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఆయన తానే తోలి కప్పులు గెలుచుకుని ఊరుకుని ఉంటే, వెనక వచ్చినవాళ్లకు కూర్చునే కారే ఉండేది కాదు.

రెండో మాట, "కొత్తవాళ్లకు అనుభవం లేదు, సంఘాన్ని ముంచుతారు." దీనికి కూడా ఆ ఆటలో రూలు ఉంది, నాకు చాలా నచ్చిన రూలు. డ్రైవర్లకు ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని గ్రేడులు ఇస్తారు. బ్రాంజ్ అంటే దాదాపు ఔత్సాహికుడు, రేసు తన వృత్తి కానివాడు. ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లో ఎల్ఎంజీటీ3 అనే క్లాసు ఉంది. పోర్షే, ఫెరారీ, కార్వెట్, బీఎండబ్ల్యూ లాంటి కార్లన్నీ అందులో ఉంటాయి. ఆ క్లాసులో ప్రతి కారులోనూ ముగ్గురిలో ఒకడు బ్రాంజ్ అయి తీరాలి. పోనీలే అని దయతో ఇచ్చే సీటు కాదది, రూలు. జట్టు తెలివి అంతా ఎక్కడ బయటపడుతుందంటే, ఆ బ్రాంజ్ వాడిని ఎంత బాగా తయారుచేశారన్న దాంట్లో. ప్లాటినం వాళ్లు పక్కన కూర్చుని డేటా చూపించి, ఈ మలుపులో ఇంత ముందుగా బ్రేకు వేస్తున్నావు అని నేర్పుతారు. వాడు ల్యాపుకు రెండు సెకన్లు తగ్గించుకుంటే జట్టు గెలుస్తుంది. మనం మన బ్రాంజ్ వాళ్లకు వర్గణి పుస్తకం చూపించామా ఒక్కసారైనా?

ఆడవాళ్ల సంగతి కూడా ఇక్కడే. ఐరన్ డేమ్స్ అని ఒక జట్టు ఉంది, గులాబీ రంగు కారు. సారా బోవీ, రాహెల్ ఫ్రై, మిషెల్ గాటింగ్. 2023 నవంబరులో బహ్రెయిన్ 8 గంటల రేసులో తమ క్లాసులో గెలిచారు. ఆ చాంపియన్‌షిప్‌లో పూర్తిగా ఆడవాళ్లే ఉన్న జట్టు గెలవడం అదే మొదటిసారి. మన మహిళా విభాగానికి మనం ఇచ్చింది ఏమిటి? హల్దీ కుంకుమ రోజు మైకు, రథోత్సవం రోజు కలశాలు. వాళ్లేమో బచత్ గట్‌లో ఇరవై మంది డబ్బు పైసాతో సహా రాస్తారు, బ్యాంకుకు తామే పోతారు, బాకీ తామే వసూలు చేస్తారు. వెయ్యి బీడీల లెక్కలో ఒక్కటి తప్పుపోనివ్వని చేతులు అవి. సంఘం చెక్కు మీద వాళ్ల సంతకం ఉండి ఉంటే, ఆ తల్లి ఆ రోజు మెట్ల మీద కూర్చునేదా?

వచ్చే ఆదివారం జనరల్ బాడీ. నేను లేచి అడగబోయేవి ముందే చెబుతున్నా, ఎవరికీ వెన్నుపోటు కాకూడదు. బ్యాంకు ఖాతాకు నాలుగు సంతకాలు ఉండాలి, అందులో ఏ రెండైనా చెల్లాలి. ఆ నలుగురిలో ఒకరు మహిళా విభాగం నుంచి, ఒకరు 35 ఏళ్ల లోపువారు. ఏ పదవిలోనైనా వరుసగా రెండు గడువులు, తర్వాత ఒక గడువు విరామం. దిగినవారు ఆరు నెలలు సలహాదారుగా పక్కన ఉండి నేర్పాలి, బెల్టు బిగించినట్టు. ధర్మాదాయ ఆయుక్త ఆఫీసులో ఛేంజ్ రిపోర్టు 90 రోజుల్లో వేయాలని చట్టమే చెబుతోంది, కాబట్టి "కాగితాల పని పెద్దది" అన్న సాకు వద్దు. ఆ ఫారం నేను నింపి పెట్టా. ఇంకొకటి, ఆ పదకొండు మంది పిల్లల్లో ఎవరెవరు అప్పు చేసి ఫీజు కట్టారో కనుక్కుని, ఆ వడ్డీ సంఘం ఇవ్వాలి. పెద్ద మొత్తం కాదు. పోయిన రథోత్సవానికి డాల్బీకి కట్టినదాంట్లో పావు వంతు కూడా ఉండదు.

"ముందు నువ్వు దిగు" అని అంటారు. న్యాయమే. నా రాజీనామా శనివారం సాయంత్రం అధ్యక్షుల చేతికి ఇచ్చా. తీసుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు, టేబుల్ మీద పెట్టి వచ్చా. సభ్యుల రిజిస్టరు, రసీదు బుక్కులు, మినిట్స్ నా దగ్గర ఉన్నవన్నీ మొన్నటి నుంచి సంఘం హాల్లో బయటి టేబుల్ మీదే ఉన్నాయి. నా తర్వాత ఈ పని చేయాలనుకునే పిల్లలు, ఆడపిల్లలైనా సరే, రేపటి నుంచి రోజూ రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా రండి, నేను అక్కడే ఉంటా. పెన్సిల్ తెచ్చుకోండి. పాత పేజీల్లో నేను చేసిన తప్పులు కూడా ఉన్నాయి, అవి ముందు చూపిస్తా.